అడుగని ఋణము

లోకములో ఋణములు రెండు విధములు. ఒకదానికి అడుగువాడు కలడు. గడువు దాటిన మఱునాడే వాడు వచ్చి మన వీథి యరుగుమీద కూర్చుండును, నలుగురు వినునట్లు పేరుపెట్టి పిలుచును, పత్రము చూపును. అట్టి ఋణమును తీర్చుటకు గొప్ప ధర్మబుద్ధి యక్కఱలేదు, కొంచెము సిగ్గున్న చాలును. రెండవదానికి అడుగువాడు లేడు. పత్రము లేదు, తాకీదు లేదు; వడ్డీ మాత్రము పెరుగుచుండును. అది యెంతైనదో తెలియు నప్పటికి ఇల్లే వేలమునకు వచ్చియుండును. మనుష్యుని నిజాయితీ ఈ రెండవ ఋణముచేతనే పరీక్షింపబడునని నా యభిప్రాయము.

నేను ధనమునుగూర్చి చెప్పుటలేదు, దేహమునుగూర్చి చెప్పుచున్నాను. నేడు మన పట్టణములలో స్థూలకాయముచేత బాధపడువారు పలువురు శస్త్రచికిత్స చేయించుకొని బరువు తగ్గించుకొనుచున్నారు. ఆ చికిత్సవలన కలిగిన మేలును అందఱు చూచుచున్నారు. దానితోడనే వారిమీద పడిన యొక ఋణమును చూచువారు తక్కువ. బ్రతికినంతకాలము ప్రతిదినము కొన్ని జీవసత్త్వములను, ఇనుము సున్నము మొదలగు ఖనిజములను మాత్రల రూపమున పుచ్చుకొనుచుండుటయు, ఏటేట రక్తము పరీక్ష చేయించుకొనుటయు ఆ ఋణము. ఇది వైద్యుని పని గదా, ఇందు ధర్మవిచారమున కేమి తావున్నదని కొంద ఱడుగవచ్చును. ఏ మాత్ర, ఎంత మోతాదు అనుట వైద్యుని పనియే. కాని, "నాకు నేడు ఏ లోటును తోచుటలేదు, ఎన్నియో యేండ్లకు రాబోవు లోటునకై నేను నేడు కట్టుబడవలయునా? నేను మఱచినచో నా యింటివారికి బాధ్యత కలదా?" అను ప్రశ్నలకు మందులకొట్టులో సమాధానము దొరకదు. వానిని మనము మన యిండ్లలోనే విచారించుకొనవలెను.

మొదట ఒక యపవాదమును తొలగింపవలసియున్నది. "నోరు కట్టుకొనలేక పొట్ట కోయించుకొన్నది" అను మాట మన బంధువర్గములలో తఱచుగా వినబడుచుండును. స్థూలకాయము తిండిపోతుతనమునకు శిక్ష యని తలచుట తప్పు. వంశానుగతమైన దేహతత్త్వము, ఆకలిని నడపు గ్రంథిరసములు, కూర్చుండి చేయు వృత్తులు, నిద్రలేమి, కొన్ని యౌషధములు—ఇన్నియు దానికి కారణములు. పస్తులుండి బరువు తగ్గినవాని దేహము ఊరకుండదు. ఆకలిని హెచ్చించి, ఖర్చును తగ్గించి, పూర్వపు బరువునకే మరల జూచును. ఇట్టివారిలో అనేకులకు ఈ శస్త్రచికిత్స బరువును తగ్గించుటయేగాక మధుమేహమును గూడ అదుపులోనికి తెచ్చుచున్నది. దీనిని దొంగదారి యనుట న్యాయము కాదు. అన్యాయమేగాక అపాయకరమును అగును. ఏలనన, నిందకు వెఱచినవాడు చికిత్సను దాచును, చికిత్సను దాచినవాడు మాత్రలను దాచును, దాచిన మాత్ర కొలదికాలములోనే మఱచిన మాత్ర యగును.

ఇక చికిత్స యొక్క స్వరూపమును తెలిసికొందము. 1954లో అమెరికా దేశమందలి మినెసోటా వైద్యులు, చిన్నప్రేవులలో చాలభాగమునకు ఆహారము తగులకుండ అడ్డదారి కల్పించు పద్ధతిని ప్రకటించిరి. దానివలన బరువు తగ్గినమాట నిజమే కాని, కాలక్రమమున పోషకలోపములును, కాలేయవ్యాధులును బయలుదేరుటచేత ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు జీర్ణకోశమును విభాగించి అడ్డదారి కల్పించు పద్ధతి నారంభించెను. నేడు ముఖ్యముగా రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. ఒకదానిలో జీర్ణకోశమున ముప్పాతికభాగమునకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె చేయుదురు. రెండవదానిలో జీర్ణకోశపు పైభాగమును సుమారు ముప్పది మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా వేఱుచేసి, దానిని కొంతదూరము దిగువనున్న చిన్నప్రేవునకు కలుపుదురు. చిన్నప్రేవుల మొదటిభాగమునకు ఆహారము తగులదు.

ఆ మొదటిభాగము వ్యర్థమైనది కాదు. ఇనుమును, సున్నమును దేహము ముఖ్యముగా అక్కడనే గ్రహించును. జీర్ణకోశమును కేవలము ఆహారము నింపు సంచి కాదు. అందలి యామ్లము ఆహారములోని బి-12 అను జీవసత్త్వమును విడదీయును; అందలి కణములనుండి ఊరు ఒక ప్రత్యేకపదార్థము ఆ బి-12ను వెంటబెట్టుకొని చిన్నప్రేవుల చివరిభాగమునకు చేర్చును; అచ్చటనే అది రక్తములోనికి పోవును. కావున శస్త్రచికిత్సానంతరము కలుగు పోషకలోపము వైద్యుని చేతిపొరపాటు కాదు, రోగి దురదృష్టమును కాదు. మేలు చేసిన మార్పే ఈ లోపమునకును మూలము. ఒకే పత్రములో ఒకవైపు లాభమును, రెండవవైపు ఋణమును వ్రాయబడియున్నవి. మనము మొదటివైపు చదివి సంతోషించి, పత్రమును త్రిప్పి చూచుట మఱచుచున్నాము.

ఈ ఋణములన్నిటికి గడువు ఒక్కటి కాదు. బి-1, అనగా థయమిన్, అన్నిటికంటె తొందరగలది. దేహమున దాని నిలువ సుమారు ఇరువదియైదు ముప్పది మిల్లీగ్రాములు మాత్రమే. అది రెండు మూడు వారములలో అడుగంటిపోవును. మరలో మిక్కిలి తెల్లగా పట్టిన బియ్యము తినుటచేత పూర్వము మన సర్కారు జిల్లాలలో కనబడిన బెరిబెరి వ్యాధికి ఈ లోపమే మూలము. శస్త్రచికిత్స జరిగిన తొలినెలలలో వాంతులు విడువక పట్టుకొన్నచో ఈ లోపము మెదడునే పట్టవచ్చును. చూపు చెదరుట, నడక తూలుట, మతి భ్రమించుట దాని గుఱుతులు. వాంతులైనవానికి నీరసమని థయమిన్ ఈయకుండ గ్లూకోజు మాత్రమే యెక్కించుట అపాయమును హెచ్చించును. ఇంటివారు ఈ యొక్కమాట జ్ఞాపకముంచుకొని, తమవానికి ఇట్టి శస్త్రచికిత్స జరిగినదని క్రొత్తవైద్యునితో ముందుగా చెప్పినయెడల ఒక ప్రాణము నిలువవచ్చును.

ఇనుము నెలల గడువిచ్చును. బి-12 సంవత్సరముల గడువిచ్చును. మనకు దినమునకు కావలసినది రెండున్నర మైక్రోగ్రాములకు మించదు. దేహములోని నిలువయో రెండునుండి అయిదు మిల్లీగ్రాములవఱకు ఉండును. కావున ఆదాయము నిలిచిపోయినను చాలకాలము ఇల్లు గడచును. సున్నపు కథ మఱింత విచిత్రమైనది. రక్తములో దాని పరిమాణము తగ్గినచో గుండె నడవదు గనుక, ఆహారమునుండి రాని సున్నమును దేహము ఎముకలనుండి తీసి రక్తమున కిచ్చును. అప్పుడు రక్తములోని సున్నమును మాత్రమే కొలిచినచో లెక్క సరిగానే యుండును. ఇంటి దూలములు ఊడదీసి వంటచెఱకుగా వాడుకొనుచు, పొయ్యి చక్కగా మండుచున్నదని సంతోషించుట వంటిది ఇది. కావుననే వైద్యులు డి జీవసత్త్వమును, పారాథైరాయిడ్ గ్రంథిరసమును గూడ పరీక్షింతురు.

ఈ సందర్భమున మనవాడైన యొక మహనీయుని తలచుకొనుట యుక్తము. 1895లో భీమవరమున జన్మించి అమెరికాలో పనిచేసి 1948లో మరణించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దఱు స్ప్రూ అను వ్యాధిచేత చనిపోయిరని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. తిన్నది ఒంటబట్టకపోవుటయే ఆ వ్యాధి లక్షణము. తరువాత ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలవారు 1940 తరువాతి సంవత్సరములలో ఫోలిక్ ఆమ్లమును వేఱుపఱచి, కృత్రిమముగా తయారుచేసిరి. అది ఆ వ్యాధికిని, ఒకజాతి పాండురోగమునకును ఔషధమైనది. ఆయన మరణించిన 1948లోనే బి-12 జీవసత్త్వమును గూడ అమెరికాలోను, ఇంగ్లండులోను స్ఫటికరూపమున వేఱుచేసిరి. అటుపై స్పష్టమైన సంగతి యిది: బి-12 లోపించినవానికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడును, పాలిపోయిన ముఖము తేఱుకొనును, కాని లోపల నరములు చెడుచునే యుండును. ఒక సత్త్వము రెండవదాని లోపమును కప్పిపుచ్చును. "నేను ఒక బలపుమాత్ర వేసికొనుచునే యున్నాను" అని తృప్తిపడువారు ఈ సంగతి నాలోచింపవలెను. కర్తవ్యములో సగము చేసి నిశ్చింతగా నుండుట ఒక్కొక్కప్పుడు ఏమియు చేయకుండుటకంటె ఎక్కువగా మోసపుచ్చును.

చదువరులారా! ఇప్పుడొక గృహిణిని ఊహింపుడు. ముప్పదియేండ్లది, శాకాహారపు కుటుంబములోనిది. శస్త్రచికిత్సానంతరము నలువది కిలోల బరువు తగ్గినది, మోకాళ్ళనొప్పి పోయినది, పెండ్లిపందిళ్ళలో అందఱు ఆమెను మెచ్చుకొనిరి. మొదటి సంవత్సరము భర్త స్వయముగా మందులు తెచ్చెను. వైద్యుడు చెప్పినట్లు మూడవనెలను, ఆఱవనెలను, సంవత్సరాంతమునను రక్తపరీక్షలు జరిగెను. అన్నియు బాగుండెను. రెండవయేట అత్తగారు ప్రేమతోనే, "ఇంత బాగున్నావు గదమ్మా, ఇంకా యీ మందులెందుకు? వేడి చేస్తవి" అనెను. పిల్లల బడిజీతములు హెచ్చుటచే మందుల ఖర్చు మొదట తగ్గినది. ఆమె యందఱికి వడ్డించి చివర తినునది. మిగిలినది పచ్చడియు, మజ్జిగయు. వేసికొన్న ఇనుపమాత్రను కాఫీతో వేసికొన్నది. కాఫీ ఇనుమును ఒంటబట్టనీయదని ఆమెకెవరును చెప్పలేదు. కార్తికమున సోమవారములు పస్తుండెను. శాకములలో బి-12 లేదు. పాలలో నున్నదానిని విడదీయుటకు జీర్ణకోశము చాలదు. అయినను కాలేయములోని నిలువ ఇల్లు గడపుచునే యున్నది.

కొన్నియేండ్లకు అరికాళ్ళు తిమ్మిరెక్కుట మొదలుపెట్టెను. కాలినుండి చెప్పు జారిపోయినను తెలియుటలేదు. పులుసులో ఉప్పు మఱచెను. ఇంటిలోనివారు "ధ్యాస యెక్కడ పెట్టినావు?" అని గసరిరి. అది దేహము చెప్పుచున్న మాటయని యెవరును గ్రహింపలేదు. చీకటిలో స్నానపుగది గడపదగ్గఱ తూలిపడిన తరువాత రక్తము పరీక్షింపబడెను. సూదిమందులు వేయగా రక్తము కొలదికాలములో కోలుకొనెను. పాదముల స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. చాలకాలము పస్తున్న నరములు ఋణము చెల్లించినంతమాత్రమున లేచి నిలువవు.

ఈ కథలో దుర్మార్గుడెవడు? ఎవడును లేడు. అత్తగారికి ప్రేమ కలదు, భర్తకు బాధ్యత కలదు, ఆమెకు వివేకము కలదు. లేనిది ఒక్కటియే: అడుగని ఋణమును గూడ ఋణమని యెంచు నలవాటు.

ఇక మన ప్రశ్నకు వత్తము. "నా దేహము నాది, రేపు చెడినచో నాకే చెడును, ఇందు ధర్మాధర్మములేమి?" అని యొకడు వాదింపవచ్చును. దేహమునందు ఎవరికి వారికే స్వాతంత్ర్యము కలదని నేనును ఒప్పుకొందును. ఏ మాత్రనైనను బలవంతముగా మ్రింగించు నధికారము ఎవరికిని లేదు. కాని స్వాతంత్ర్యము ఉన్నదనుట వేఱు, దానిని న్యాయముగా వాడితిమనుట వేఱు. పదియేండ్ల తరువాత తూలి నడవబోవు మనుష్యుడు నేడు మన యెదుటికి వచ్చి వాదించుకొనలేడు. మైనరు బాలుని యాస్తికి సంరక్షకుడైనవాడు, "బాలుడు నన్నెన్నడు లెక్క యడుగలేదు" అని చెప్పి తోట అమ్ముకొన్నచో మనమేమందుము? మన రాబోవు వయస్సునకు మనమందఱము అట్టి సంరక్షకులము. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పిరి. ఆ మూడింటిని గూడ ఎవరును వచ్చి అడుగరు. అడుగకున్నను తీర్పవలెనని చెప్పుటయే ఆ మాటలోని గొప్పతనము.

రెండవ వాదము దీనికంటె బలమైనది. "నా యనుభవమును నమ్మక మఱి దేనిని నమ్మవలెను? నాకు బాగున్నది, బాగున్నవానికి మందేల?" అందురు. ఆకలి, దప్పిక, నొప్పి—ఇవి తమ తమ విషయములలో నమ్మదగిన సాక్షులే. కాని, బి-12 కొఱకు ఆకలివేయదు. సున్నము కొఱకు దప్పిక కలుగదు. చూడని విషయమున సాక్షిని పిలిచి, వాడు మాటాడనందున నేరము జరుగలేదని తీర్పు చెప్పుట న్యాయమా? కంటికి కనబడని క్రిములను తలచి నీరు కాచుకొని త్రాగుట నేర్చుకొన్నవారము. రాని మశూచికై పిల్లలకు టీకాలు వేయించినవారి సంతతివారము. తోచినదానికంటె తెలిసినదానికి ఎక్కువ విలువ నిచ్చుటయే గదా మనము ఇంతకాలము సంస్కారమని పేరుపెట్టి చెప్పుకొన్నది. దానిని వీథిలో నుపన్యసించి, మన మందులపెట్టె దగ్గఱ మఱచుట తగదు.

ఈ ఋణములో పాలివారును కలరు. మొదటివాడు శస్త్రవైద్యుడు. బరువెంత తగ్గునో చెప్పి, జీవితాంతము చేయవలసినదేమో చెప్పక తీసికొన్న సంతకము సగము సంతకమే. రెండవవారు ఇంటివారు. చికిత్స ఖర్చు కూడబెట్టిన కుటుంబము, ఏటేట మాత్రలకును పరీక్షలకును అగు ఖర్చును బియ్యము, ఉప్పులతోపాటు నెలసరి పట్టికలో వ్రాయవలెను. పిల్లల జీతము హెచ్చినప్పుడు మొదట కోతపడునది కోడలి మందు కాగూడదు. కోడలిని అందఱికంటె ముందు కాకున్నను అందఱితోపాటైనను కూర్చుండబెట్టి, పప్పును, పెరుగును ఆమె పాలికి మిగులునట్లు చూడవలెను. పస్తులనుండి ఆమెను తప్పింపవలెను. బిడ్డకొఱకు తొందరపెట్టగూడదు; శస్త్రచికిత్సానంతరము పండ్రెండునుండి పదునెనిమిది నెలలవఱకు గర్భము రాకుండ చూచుకొనుమని వైద్యులు చెప్పుదురు. అట్లని ఇంటివారు కావలివాండ్రుగా మాఱి, "మాత్ర వేసికొన్నావా?" అని పూటపూటకు నిలదీయుటయు ధర్మము కాదు. తోడుండుట వేఱు, కాపలా కాయుట వేఱు.

అమెరికాలోని ఈ శస్త్రవైద్యుల సంఘమువారు 2016లో సవరించి ప్రకటించిన సూచనలలో కొన్ని యిచట చెప్పుచున్నాను. దినమునకు థయమిన్ కనీసము 12 మిల్లీగ్రాములు. నోటిద్వారమున బి-12 350 నుండి 500 మైక్రోగ్రాములు, లేదా నెలకొకసారి 1000 మైక్రోగ్రాముల సూదిమందు. ఆహారములోనిదియు మాత్రలలోనిదియు కలిపి సున్నము 1200 నుండి 1500 మిల్లీగ్రాములు. ఋతుధర్మముగల స్త్రీలకు ఇనుము 45 నుండి 60 మిల్లీగ్రాములు. సున్నమును ఒక్కసారిగా గాక విడివిడి మోతాదులుగా పుచ్చుకొనవలెను; ఇనుమునకును దానికిని రెండుగంటల యెడముండవలెను. ఇవి సామాన్యమైన కొలతలే; ఎవరి శస్త్రచికిత్సను, ఎవరి రక్తమును బట్టి వారి మోతాదును వారి వైద్యుడు నిర్ణయింపవలెను. మేలుచేయునది గదా యని మితిమీరి మ్రింగుటయు తప్పే. ఏ జీవసత్త్వము హెచ్చైనచో కాలేయమునకు చెఱుపు, గర్భస్థశిశువునకు అపాయము. ఋణమునకు మించి చెల్లించుట పుణ్యము కాదు. ఎంత యున్నదో లెక్క చూచుకొని చెల్లించుటయే న్యాయము. ఆ లెక్కయే రక్తపరీక్ష.

తల్లిదండ్రుల తద్దినపు తిథిని మనము ఏటేట మఱవము. వారు వచ్చి అడుగరు. అయినను క్రొత్త పంచాంగము ఇంటికి వచ్చినదినముననే ఆ తిథి యెన్నడు వచ్చునో వెదకి గుఱుతు పెట్టుకొందుము. దూరదేశముననున్న కుమారుడు గూడ ఆనాడు జ్ఞాపకము చేసికొనును. అడుగనివారిని జ్ఞాపకముంచుకొను శక్తి మన యిండ్లలో లేదని యెవరనగలరు? ఆ పంచాంగములోనే, ఆ తిథి ప్రక్కనే, ఇంటిలో చికిత్స పొందినవారి రక్తపరీక్ష తేదిని గూడ వ్రాసికొందము. గతించినవారికి తప్పక చెల్లించు శ్రద్ధలో కొంత, మన యెదుట కూర్చుండి అన్నము తినుచున్నవారికిని చెల్లింపవలెను.